కొబ్బరి పొట్టు కోసం కోనసీమ దాకా

కోనసీమ చూసి వచ్చానని తెలియగానే మా వాడలో ఆడవాళ్ళంతా అన్నవరం పోయావా, ద్రాక్షారామం పోయావా అని అడిగారు. రెండూ పోలేదు. సముద్రం కూడా చూడలేదు. నేను పోయింది కొబ్బరి పొట్టు కోసం. కొబ్బరికాయ మీది పీచు తీస్తుంటే రాలే ఎర్రటి పొడి అది. ఆ పొడి కోసం రైలెక్కి అంత దూరం పోయి వచ్చిన మనిషి గోదావరిఖనిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకే చెబుతున్నాను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే సువార్తమ్మ రాస్తోంది. ఆమె మా పక్కింటి మనిషి, దారి పొడుగునా నా వెంట ఉన్నది కూడా ఆమే. "నువ్వు మాట్లాడినట్టే రాస్తే చదివెటోల్లు నవ్వుతరే ఓదెమ్మా, నేను జర మంచిగ రాస్త" అంది. మంచిగానే రాయి, కానీ నిన్ను తిట్టిన చోట తిట్టు తియ్యకు అన్నాను. ఒప్పుకుంది.

పోవాల్సి వచ్చిన సంగతి

మా ఆయన గనిలో ఇసుక నింపే ముఠాలో పని చేశాడు. బొగ్గు తీశాక భూమి లోపల ఖాళీ మిగులుతుంది. గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి పైపుల్లో పంపి ఆ ఖాళీని నింపుతారు. నీళ్ళు ఊరి వెళ్ళిపోతాయి, ఇసుక బిగుసుకుంటుంది. ఇసుకకూ పైకప్పుకూ నడుమ వేలు దూరేంత సందు కూడా ఉండకూడదు. ఇంట్లో పూలకుండీ నింపినా ఆయనది అదే పద్ధతి. మట్టి పోసి, నీళ్ళు పోసి, కాలితో తొక్కి, దిగినంత మేర మళ్ళీ పోసి మళ్ళీ తొక్కేవాడు. "సందుంటే కూలుతది" అనేవాడు. కుండీలో ఏం కూలుతుందని నేనెప్పుడూ అడగలేదు. ఆయన చూపించినట్టే నేనూ తొక్కేదాన్ని. క్వార్టరు పెరట్లో మట్టి సగం ఇసుకే కాబట్టి ఎంత తొక్కినా నీళ్ళు దిగిపోయేవి. పెట్టిందల్లా వచ్చేది.

మా లైన్లో నా చెయ్యి మంచిదని పేరు. మృగశిర కార్తె వస్తే గింజలు పట్టుకుని పిలవడానికి వచ్చేవాళ్ళు. బీర, కాకర, సొర, ఎవరి పాదులో అయినా మొదటి గింజ నేను పెట్టాలి. అదొక మర్యాదలాగ జరిగేది. పెట్టి వస్తే చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు.

ఆయన పోయాక ఎవరూ పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. కార్తె వచ్చింది, పోయింది, అంతే.

క్వార్టరు ఖాళీ చేసి పోశాలు ఇంటి మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. స్లాబు మీద డ్రముల్లో మట్టి నింపుకుని చిక్కుడు పెట్టుకున్నాను. ఈ చిక్కుడు మా అమ్మది. గోదావరి అవతల జైపూర్ దగ్గరి మా ఊరి నుంచి పెళ్ళినాడు కొంగున కట్టుకొచ్చినది. నల్ల గింజ, అంచున తెల్ల గీత, కాయ అంచుకు ఊదా రంగు. బజారులో ఈ రకం దొరకదు. అమ్మ లేదు, ఊళ్ళో ఇప్పుడు అందరూ పత్తి వేస్తున్నారు. మా ఇంట్లో ఉన్నవే మిగిలిన గింజలు.

మరుసటేడు స్లాబు కింద గీత పడింది. పోశాలు మేడ ఎక్కి వచ్చి డ్రముల చుట్టూ తిరిగాడు. "అక్కా, నీ మీద నాకేం కోపం లేదు. గీ మట్టి బరువుకు నా ఇల్లు కూలితే నేనెక్కడికి పోవాలె? మట్టి దించు. తేలికది ఏమన్న ఉంటే పెట్టుకో" అన్నాడు. మాట న్యాయమే. దించాను.

అప్పుడే సువార్తమ్మ అక్క బిడ్డ కరుణ కోనసీమ నుంచి పొట్టు దిమ్మెలు పంపింది. అక్కడ మేడల మీద ఇందులోనే మొక్కలు పెంచుతారట. పొట్టును అదిమి ఇటుకలాగ చేసిన దిమ్మెలవి. వాటిలో మొదటి దిమ్మెను సువార్తమ్మ బొగ్గు పొయ్యిలో వేసింది. బొగ్గులాంటిదే మరేదో అనుకుందట. వాడంతా పొగ. ఏమైందని నేను ఉరికొస్తే, కళ్ళు నలుపుకుంటూ "మంచిగ అంటుకుంటలేదే" అంది. దాని మొహం మీద చీపురు తిరగేయాలనిపించింది. (ఈ ముక్క రాసేటప్పుడు కలం ఆగింది. రాయి అన్నాను.)

మిగిలిన దిమ్మెలు నానబెట్టి డ్రములు నింపి గింజలు పెట్టాను. మొలవలేదు. తవ్వి చూస్తే ఉడకబెట్టిన గింజల్లాగ మెత్తబడి జారిపోతున్నాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. కింది ఇంట్లో ఉండే లచ్చక్క మెట్ల మీద నిలబడి చూసి, చాలా మెల్లగా, నా మంచి కోరే చెప్పినట్టు చెప్పింది.

"ఇగ నువ్వు పెట్టకే ఓదక్కా. ఎవరన్న ముత్తైదువ చేత పెట్టియ్యి. గింజ బతుకుతది."

ఆ మాట నేను నమ్మలేదని చెప్పను. నా అరచేతులు తిప్పి చూసుకున్నాను. గుడ్డలో కట్టిన గింజలు పిడికెడు కూడా లేవు. అవీ పోతే ఇక లేవు.

కరుణ కొత్తింటి ప్రార్థనకు సువార్తమ్మను రమ్మంది. "నువ్వు గూడ రా. పొట్టు తీసెటోల్లనే అడుగుదాం, ఎందుకు మురిగినయో" అంది సువార్తమ్మ. గింజల మూట రవికెలో పెట్టుకుని బయలుదేరాను.

రామగుండం నుంచి బెజవాడ

వరంగల్ దాటి నేనెప్పుడూ పోలేదు. పైగా ఇవి ఉద్యమం రోజులు. ఇక్కడ టెంట్లు, దీక్షలు, బందులు. అవతలి వాళ్ళు మనల్ని ఎట్లా చూస్తారోనని భయం. బండి ఎక్కేటప్పుడే సువార్తమ్మతో అన్నాను, "నేను నోరు తెరవను, నువ్వే మాట్లాడు" అని. ఆ మాట ఖమ్మం దాకా నిలుపుకున్నాను.

ఆకలి వేసి సర్వపిండి విప్పాం. ఎదురు సీట్లో తణుకు ఆవిడ, నిండా పూలు పెట్టుకుని ఉంది, మెడ చాచి చూసింది.

"ఇది అట్టాండీ, రొట్టాండీ?"

"రెండు గాదు. తినుర్రి" అని ముక్క చేతిలో పెట్టాను. నోరు తెరిచాను కదా, ఇక దాచేదేముంది.

ఆవిడ కొరికి, నమిలి, "మీరు తెలంగాణా వాళ్ళాండీ?" అంది. పక్కన పేపరు చదివే ఆయన పేపరు దించాడు.

"అవునమ్మా. గోదారిఖని. బొగ్గు బాయిలకాడ."

"మరి మీ రాట్టం మీకు వచ్చేత్తే మా వైపు రారేంటండీ?"

"మీరు పిలిస్తే ఎందుకు రాము?"

"అయితే ఇది చేసుకుని రండి" అని ఇంకో ముక్క తీసుకుంది. పేపరాయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. అంతే. ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన భయం ఖమ్మం తర్వాత ఎక్కడో దిగిపోయింది. నాకు తెలియకుండానే దిగింది.

బెజవాడలో బండి మారాలి. స్టేషన్లో ఇడ్లీ తిన్నాం. మా దగ్గర ఇచ్చే డబ్బుకు ఇక్కడ ఇంకొకటి ఎక్కువే ఇచ్చారు, కానీ పచ్చడిలో కారం లేదు. సువార్తమ్మ సంచిలోంచి పల్లికారం తీసి చల్లుకుంటే, వడ్డించే అతను "మా పచ్చడికి అవమానమమ్మా" అన్నాడు. "అవమానం గాదు బిడ్డా, రోగం. మాకు కారం లేకుంటే కండ్లు తెరుసుకోవు" అంది. అతనూ నవ్వాడు.

వంతెన మీద

గోదావరి మీదికి బండి ఎక్కేసరికి పెట్టెలో అందరూ కిటికీల వైపు జరిగారు. నాకు గోదావరి కొత్త కాదు. మా ఊరి పేరులోనే ఉంది. కానీ మా దగ్గర ఎండాకాలం గోదావరి అంటే ఇసుక, ఇసుక మీద లారీలు, నడుమ ఒక పాయ. ఆ ఇసుకే గనుల్లోకి పోయేది. ఆయన దానిని జీవితమంతా చూశాడు గానీ, నది చివరికి ఇంత వెడల్పవుతుందని చూడలేదు. బండి పోతూనే ఉంది, నీళ్ళు అయిపోవడం లేదు.

రూపాయి బిళ్ళ వేశాను. అది వంతెన ఇనుముకు తగిలి టంగుమని వెనక్కి వచ్చి సువార్తమ్మ ఒళ్ళో పడింది. "నా దేవుడు నాకే ఇచ్చిండు" అని రవికెలో వేసుకుంది. ఇంకోటి అడిగితే ఇవ్వలేదు.

కరుణ ఇల్లు

రాజమండ్రిలో దిగి బస్సులో పోతుంటే రెండు వైపులా కొబ్బరి చెట్లే. మా దగ్గర ఎటు చూసినా మట్టి గుట్టలు, బొగ్గు గుట్టలు కనిపిస్తాయి. ఇక్కడ నేల అద్దంలాగ చదునుగా ఉంది, కంటికి అడ్డం చెట్లే. కరుణ ఊరు అంబాజీపేటకు అవతల, కాలువ ఒడ్డున. అప్పుడే కాలువలకు నీళ్ళు వదిలారట. పిల్లలు గట్టు మీద నుంచి దూకుతున్నారు.

గడపలో అడుగు పెట్టగానే బోండాం చేతిలో పెట్టారు. మా దగ్గర జ్వరం వస్తేనే బోండాం కొంటాం, అదీ దవాఖాన ముందు, అడిగినంత ఇచ్చి. ఇక్కడ మంచినీళ్ళకు ముందు ఇది. నేను జ్వరం మనిషిలాగ గబగబా తాగేశాను.

తిండి గురించి చెప్పాలి. పనసకాయను పొట్టులాగ కొట్టి ఆవపిండి పెట్టి కూర చేశారు. మాంసం అనుకున్నాను. పులుసులో బెల్లం. అది మాత్రం నాకు పడలేదు. కూరలో కొబ్బరి, పచ్చట్లో కొబ్బరి, పొయ్యిలో కూడా కొబ్బరి మట్టలు, డొక్కలు. డొక్క అంటే కాయ మీది పీచు చెక్క. మనకు బొగ్గు ఎట్లాగో వాళ్ళకు అది అట్లా. పొగ తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంది. మసి అంతగా పట్టదు కాబట్టి గిన్నెలు తోమేటప్పుడు చెయ్యి నల్లబడలేదు. నాకు అదే పెద్ద వింత.

ఇంకో వింత ఉంది. మా దగ్గర మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తారు. ఆ వేళకు మేం చేతిలో ఉన్న గిన్నె గట్టిగా పట్టుకుంటాం, ఇల్లు కొంచెం అదురుతుంది, మళ్ళీ పనిలో పడతాం. కరుణ ఇంట్లో ఆ వేళకు నేను చారు గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఏమీ కాలేదు. ఎక్కడో కాకి అరిచింది. "ఏంటి పెద్దమ్మా, అలా నిలబడ్డావు?" అంది కరుణ. కూలుతుందేమోనని ఎదురుచూడటం ఎంత అలవాటైపోయిందో నాకే అప్పుడు తెలిసింది.

ప్రార్థన బాగా జరిగింది. పాస్టరు గారు పొడుగ్గా మాట్లాడారు. నాకు మనసంతా గింజల మూట మీదే ఉంది.

పీచు మిల్లు

మర్నాడు పొద్దున కరుణ మమ్మల్ని పీచు మిల్లుకు తీసుకుపోయింది. రేకుల షెడ్డు. లోపల యంత్రం డొక్కల్ని చీలుస్తుంటే ఒక వైపు పీచు, ఇంకో వైపు పొట్టు. బయట పొట్టు దిబ్బలు. మా బొగ్గు గుట్టలంత లేవు గానీ, గుట్టలే. చూడగానే ఇంటికి వచ్చినట్టు అనిపించింది. ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేస్తున్నారు. వాళ్ళు ఎర్రగా ఉన్నారు, మా వాళ్ళు నల్లగా ఉంటారు. అంతే తేడా.

వాళ్ళలో నూకరత్నం అనే ఆవిడ కరుణకు బాగా తెలుసు. నా వయసే ఉంటుంది. సన్నగా, తాడులాగ ఉంది. సంగతి విని, నవ్వకుండా అడిగింది.

"ఎలా నింపేరో చూపించండి వదినగారూ."

పక్కన పగిలిన బక్కెట్టు ఉంది. నేను పొట్టు పోశాను. నీళ్ళు పోశాను. చెప్పులు విప్పి బక్కెట్లోకి దిగి తొక్కాను. దిగిన మేర మళ్ళీ పోసి మళ్ళీ తొక్కాను. అంచు దాకా నింపి, అరచేత్తో చరిచి, సందు లేకుండా చేశాను. తలెత్తి చూస్తే పని ఆపి అందరూ చుట్టూ నిలబడ్డారు. ఒక పిల్ల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అలా తొక్కేత్తన్నారేంటండీ? మీ పొట్టేమైనా పారిపోద్దా?" అంది నూకరత్నం.

"సందుంటే కూలుతది" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"ఏది కూలుద్దండీ?"

బక్కెట్లో నిలబడి ఉన్నాను, మడమల దాకా పొట్టు. పక్క నుంచి సువార్తమ్మ చెప్పింది, గని సంగతి, ఇసుక సంగతి, మా ఆయన సంగతి. నవ్విన పిల్ల నవ్వు ఆపింది.

నూకరత్నం నన్ను చెయ్యి పట్టి బక్కెట్లోంచి దింపింది. వేలితో పొట్టులో గుంట చేసింది. గుంట నిండా నీళ్ళు ఊరి, అట్లాగే నిలిచాయి.

"చూసేరా. ఇసకైతే నీళ్ళు ఒదిలేత్తాదండి. ఇది ఒదల్దు, పట్టుకుంటాది. దీనికి సందుంటేనే గింజకి గాలాడతాది. మీరు తొక్కేసి, పాపం, గింజల్ని నీళ్ళలో ముంచేసేరు."

"రెండుసార్లు ముంచిన" అన్నాను.

"మునిగిపోయిందానికి చెయ్యేం చేత్తాదండి" అంది. చెయ్యి సంగతి నేను ఆమెకు చెప్పలేదు. మామూలుగా అన్న మాటే అయి ఉంటుంది. నేను మాత్రం దిబ్బ పక్కన కూర్చుండిపోయాను. ఏడుపు కాదు అది. భారమైన తట్ట తల మీద నుంచి ఎవరో దింపితే మెడ ఎట్లా తేలిపోతుందో అట్లా ఉంది.

కాలువ గట్టున

అంతటితో అయిపోలేదు. ఆమె కొత్త దిబ్బలోంచి కాస్త పొట్టు తడిపి, పిండి, ఆ నీళ్ళు నా అరచేతిలో పోసి నాకమంది. ఉప్పగా ఉంది.

"డొక్కలో ఉప్పుంటాదండి. కడక్కుండా వేత్తే మొలిసిన మొక్క కూడా మాడిపోద్ది. ఆ వెనకాల నల్లదిబ్బ ఉంది చూడండి, అది వానలకి కడిగేసిందే. అది పట్టుకెళ్ళండి. అయినా ఓసారి కడగండి."

కాలువలో గోనెసంచి ముంచి కడిగాం. పిండిన నీళ్ళు మొదట టీ రంగులో వచ్చాయి, పోను పోను తేటపడ్డాయి. మధ్యలో నా చెప్పు ఒకటి కాలువలో కొట్టుకుపోయింది. సువార్తమ్మ గట్టు వెంట పరుగెత్తింది, పిల్లలు ఈదారు, చెప్పు మాత్రం ఎవరికీ చిక్కలేదు. "పొట్టు కోసం వచ్చి చెప్పు ఇచ్చిపోతున్నవ్" అంది. నూకరత్నం కరుణ గడపలోంచి ఒక జత తెచ్చి నా ముందు పడేసింది. కరుణను అడిగిందో లేదో తెలియదు.

కడిగిన పొట్టును చాప మీద ఆరబోసి, పిడికిట్లో పట్టి పిండటం నేర్పింది. ఒకటో రెండో చుక్కలు రాలాలి. పిడికిలి విప్పితే ముద్ద విడిపోవాలి. దీనికి సొంత బలం ఉండదు కాబట్టి మాగిన పశువుల ఎరువు కలపాలి. ఇదీ పని. చదివేవాళ్ళు చేసుకుంటారని చెబుతున్నాను. తొక్కకండి.

తిరిగి రావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం నేను గింజల మూట తీశాను. ఆయన డ్యూటీకి పట్టుకుపోయిన స్టీలు డబ్బా నా సంచిలో ఉంది, దారిలో అన్నం కోసం తెచ్చుకున్నది. అందులో పొట్టు గుల్లగా నింపాను. ఇంటికి చేరేలోగా మొలుస్తాయో లేదో చూడాలని. గింజలు కొన్ని తీసి నూకరత్నం ముందు పెట్టాను.

"నువ్వు పెట్టు వదినా. నా చెయ్యి ఇప్పుడు మంచిది గాదంటరు. ఆయన పోయినంక."

ఆమె గింజల వైపు చూసింది. తర్వాత తన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా ఆయన పోయేసరికి నా కడుపులో పిల్ల ఉందండి. ఆ పిల్లకి ఇద్దరు పిల్లలిప్పుడు. ఈ గట్టు మీద కొబ్బరి మొక్కలన్నీ నేను పాతినవే. మరి నా చేత్తో పెట్టొచ్చేంటండీ?"

నేను ఆమె నుదుటి వైపు అప్పుడు చూశాను. అప్పటిదాకా బొట్టు లేని సంగతి నాకు కనబడనే లేదు. పొట్టు ధూళి పేరుకుని అందరి నుదుళ్ళూ ఒకేలాగ ఎర్రగా ఉండేవి.

తర్వాత నేనే పెట్టాను. ఒక్కొక్క గింజకు వేలితో గుంట చేసి, తెల్ల గీత పక్కకు ఉండేట్టు, పైన పొట్టు చల్లి వదిలేశాను. అరచెయ్యి చరచబోయింది. నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది.

తిరుగు దారి

వచ్చేటప్పుడు నిండుగా కుట్టిన గోనెసంచి ఒకటి. రాజమండ్రి స్టేషన్లో కూలీ అతను దాని సైజు చూసి పెద్ద బేరం పెట్టాడు. సువార్తమ్మ గీచి గీచి ఒప్పించింది. అతను నడుం బిగించి, ఊపిరి బిగబట్టి ఎత్తబోయి, ఆ ఊపుకు వెనక్కి తూలాడు. సంచి దూదిపింజలాగ లేచింది.

"ఏటమ్మా, ఇందులో ఏం లేదు."

"ఏం లేదు గాబట్టే తక్కువ ఇస్తనన్న" అంది సువార్తమ్మ. అతనికి నవ్వు ఆగలేదు. మాట్లాడుకున్నది కూడా పూర్తిగా తీసుకోలేదు.

దారంతా డబ్బా నా ఒళ్ళోనే ఉంది. మూత కాస్త తెరిచి పెట్టాను, గాలి కోసం. పక్కవాళ్ళు అందులో తిండి ఉందనుకుని, ఈమె తినదేమిటి, పెట్టదేమిటి అన్నట్టు చూశారు. ఒకాయన అడిగేశాడు కూడా. చిక్కుడు అన్నాను. కూరా అన్నాడు. ఇంకా కాలేదు అన్నాను.

నాకు చూడాలని ఉంది, చూడటానికి భయంగా ఉంది. సువార్తమ్మ "తియ్యి, తియ్యి" అని సతాయించింది. ఇంటికి పోయినాకే అన్నాను. మురిగితే నలుగురిలో మురిగినట్టు కాకూడదు.

స్లాబు మీద మళ్ళీ

రామగుండంలో దిగేసరికి మబ్బు పట్టి ఉంది. పవర్‌హౌసు పొగ గొట్టాలు కనబడగానే మనసు నిమ్మళించింది. ఎంత పచ్చగా ఉన్నా పరాయి ఊరు పరాయి ఊరే. ఇంటికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా మేడ ఎక్కాను. డబ్బా పొయ్యి గట్టు మీద పెట్టాను. సువార్తమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. మూత తీశాను.

పొట్టును పగలగొట్టుకుని వచ్చాయి. తెల్లగా, మెడ వంచి, నెత్తిన గింజ తోలు టోపీల్లాగ పెట్టుకుని. అన్నీ రాలేదు. ఒకటి రాలేదు. మిగిలినవన్నీ వచ్చాయి.

సువార్తమ్మ ప్రార్థన చేసింది. నేను చెయ్యి కడుక్కుని డ్రములు నింపుకున్నాను, గుల్లగా, ఎరువు కలిపి. పోశాలు వచ్చి ఒక డ్రమును ఒంటి చేత్తో వంచి చూసి, "గిట్లుంటే పది పెట్టుకో అక్కా" అని దిగిపోయాడు. ఉంచుకున్న గింజలు కూడా పెట్టాను. అవీ వచ్చాయి. ఇప్పుడు తీగ నీళ్ళ ట్యాంకు దాటి పాకింది. ఊదా పూలు.

లచ్చక్క రోజూ మెట్ల మీద నుంచి చూసేది. మిగిలిన పొట్టు కావాలంటే తీసుకుపో అన్నాను, తీసుకుపోయింది.

నిన్న మబ్బు దిగి చినుకు మొదలయ్యే ముందు, కింది నుంచి కేక వేసింది.

"ఓదక్కా, జల్ది రా. వాన వస్తున్నది. గిన్ని బీర గింజలున్నయి, మొదటిది నువ్వు పెట్టిపో."

దిగి పోయాను. బెల్లం ముక్క అప్పటికే పళ్ళెంలో పెట్టి ఉంచింది. వాకిట్లో డ్రము నిండా పొట్టు, అంచు దాకా, గోడకు సిమెంటు గిలాబు చేసినట్టు నున్నగా. పైన కాలి గుర్తులు. వాళ్ళాయన కూడా ఇసుక ముఠాలోనే చేశాడు.

"నువ్వే తొక్కినవా?"

"మరి సందుండొద్దు గదనే."

ముందు రెండు చేతులూ పెట్టి అడుగు దాకా ఆ పొట్టంతా పెళ్ళగించి గుల్ల చేశాను. తర్వాత గింజ పెట్టాను.